గాజు మీది బొట్టు

ముంబై చాల్‌లో దేవుడికి వేరే గది ఉండదు. మనుషులకే లేదు మరి. వర్లీ బీడీడీ చాళ్లలో ఒక ఖోలీ అంటే 160 చదరపు అడుగులు. వంట, పడక, పిల్లల చదువు, ఊరినుంచి దిగిన చుట్టం పెట్టె, అన్నీ అందులోనే సర్దుకోవాలి. నేల మీద చోటు చాలక దేవుళ్లు గోడెక్కుతారు. తెలుగువాళ్ల ఖోలీ అయితే ఆ గోడను చూసి ఇంటివాళ్ల కులమూ జిల్లా కూడా చాలావరకు చెప్పేయొచ్చు. శివలింగాన్ని కౌగిలించుకున్న మార్కండేయుడు ఉన్నాడంటే పద్మశాలీల ఇల్లు. ఎల్లమ్మ ఉంటుంది, తిరుపతి వెంకన్న తప్పకుండా ఉంటాడు. పక్కనే పండరి విఠోబా, షిర్డీ సాయిబాబా, సిద్ధివినాయకుడు. కొన్ని ఇళ్లలో వీళ్లందరికంటే ఒక మేకు ఎత్తులో అంబేడ్కర్.

శుక్రవారం పొద్దున ఆ ఇంటి ఇల్లాలు తడిబట్టతో పటాలన్నీ తుడుస్తుంది. ఉంగరం వేలు కుంకుమలో అద్ది ఒక్కో దేవుడికి బొట్టు పెడుతుంది. నిజానికి ఆ బొట్టు దేవుడి నుదుట పడదు, గాజు మీద పడుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే సరిగ్గానే ఉంటుంది. రెండడుగులు పక్కకు జరిగితే బొట్టు ఒక చోట, నుదురు ఒక చోట. ఏళ్ల తరబడి పెట్టిన బొట్ల ఎరుపు తుడిచినా పోకుండా చెక్క అంచుల్లోకి దిగి, అగరుబత్తి పొగతో కలిసి నల్లబడుతుంది. ఇందులో తప్పేదో ఉందని ఎవరికీ అనిపించదు. కానీ తర్కం తెలిసినవాడికి ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. ఆ బొట్టు ఎవరికి అందింది?

ఆగమశాస్త్రం దగ్గర దీనికి సూటి జవాబు లేదు. గుళ్లో విగ్రహం సంగతి వేరు. శిల్పి చెక్కినంత మాత్రాన రాయి దేవుడు కాదు. నేత్రోన్మీలనం జరగాలి, ప్రాణప్రతిష్ఠ జరగాలి, నిత్యపూజ సాగాలి. పటానికి ఇవేవీ లేవు. అచ్చుయంత్రం మీద ఒకే పూట వేల కాగితాలు దిగుతాయి. అందులో ఒకటి చెప్పుల దుకాణం క్యాలెండర్ అవుతుంది, ఇంకొకటి ఫ్రేమెక్కి దేవుడవుతుంది. ఒకే అచ్చురాయి, ఒకే రంగు, ఒకే కాగితం. తేడా ఎక్కడ పుట్టింది? గీసినవాడి భక్తిలోనా, కొన్నవాడి చేతిలోనా?

ఈ ప్రశ్నను నూనె రంగులతో బతికిన ఒక తెలుగు చిత్రకారుడి జీవితం పక్కన పెట్టి చూస్తే కొంత తేటపడుతుంది. ఆయన పాకాల తిరుమలరెడ్డి. అందరికీ తెలిసిన పేరు పి.టి.రెడ్డి.

ముందు నూనె రంగు గురించి రెండు ముక్కలు. మన దేశానికి ఆ రంగు మతం చెయ్యి పట్టుకునే వచ్చింది. 1580లో జెసూట్ పాదరీలు ఫతేపూర్ సిక్రీలో అక్బరు ముందు మేరీమాత పటాలు పెట్టారు. చైనాలోనూ దాదాపు అదే కథ. 1715లో ఆ దేశం చేరిన ఇటలీ జెసూట్ కాస్టిలియోనె చక్రవర్తుల ఆస్థాన చిత్రకారుడయ్యాడు. అయితే చక్రవర్తులు ఆయన చేత ఏసుక్రీస్తును వేయించుకోలేదు, తమ ముఖాలనూ తమ గుర్రాలనూ వేయించుకున్నారు. రంగును తీసుకుని దేవుణ్ణి వెనక్కి పంపారన్నమాట. మనవాళ్లు అంతకంటే గడుసువాళ్లు. రంగును తీసుకుని అందులో తమ దేవుళ్లనే దించారు.

ఆ పని పూర్తిచేసింది రాజా రవివర్మ. ఆయన లితో ప్రెస్సు 1894లో మొదలైంది బొంబాయిలోనే. కేరళ రాజవంశాల చుట్టరికం ఉన్న మనిషి తైలవర్ణంలో వేసిన లక్ష్మీ సరస్వతులు ఆ ప్రెస్సు రాళ్ల మీద నుంచి కాగితాల మీదికి దిగి, కొన్ని అణాలకు బజారులో దొరికారు. గుడి గడప తొక్కనివ్వని కులాలవాళ్లు కూడా దేవుణ్ణి కొనుక్కుని ఇంటికి తెచ్చుకోగలిగారు. రవివర్మ కళ గొప్పదా, చవకబారుదా అన్న చర్చ నూరేళ్లుగా నడుస్తూనే ఉంది. ఆ చర్చలో కూచున్నవాళ్లలో ఎక్కువమందికి గుడిలోకి వెళ్లే హక్కు పుట్టుకతోనే ఉంది. అది లేనివాళ్లకు ఆ కాగితం విలువ ఏమిటో వేరే చెప్పాలా?

ఇదే బొంబాయిలో, దీనికి ఓ ఇరవై ఏళ్ల ముందు, ఇంకో అచ్చుయంత్రం కథ నడిచింది. అందులో ఉన్నవాళ్లు అచ్చంగా తెలుగువాళ్లు.

కామాటిపుర అనగానే బయటి లోకానికి వేశ్యావాటిక ఒక్కటే గుర్తొస్తుంది. సినిమాలు దాన్నే మళ్లీ మళ్లీ చూపించాయి. ఆ పేట పేరు మాత్రం కామాటీలది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి, రాయి మోసి, సున్నం కలిపి, బొంబాయిని కట్టిన కూలీలది. వాళ్లలోంచి కొందరు మేస్త్రీలయ్యారు, కాంట్రాక్టర్లయ్యారు, డబ్బు చూశారు. 1873లో పుణెలో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయన వెంట నిలిచినవాళ్లలో ఈ తెలుగు కాంట్రాక్టర్లు ముందున్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడీ లింగు, వెంకూ బాలోజీ కాలేవార్ పేర్లు సమాజ చరిత్రలో కనిపిస్తాయి. సమాజానికి సొంత అచ్చుయంత్రం కొనడానికి డబ్బిచ్చింది కూడా బొంబాయి తెలుగు సభ్యులే. ఫూలే చెప్పింది ఒకటే. సృష్టికర్తకూ మనిషికీ మధ్య దళారీ అక్కర్లేదు, పురోహితుడు అక్కర్లేదు, విగ్రహమూ అక్కర్లేదు.

ఒక ప్రెస్సు దేవుడి బొమ్మలు అచ్చు వేసింది. ఇంకో ప్రెస్సు దేవుడికి బొమ్మ ఎందుకని అడిగింది. పైకి చూస్తే ఉప్పూ నిప్పూ. కానీ కామాటిపుర గల్లీల్లో రెండూ ఒకే ఇంట్లో సర్దుకున్నాయి. ఎందుకంటే లోపల రెండూ చేసిన పని ఒకటే, పూజారిని పక్కకు జరిపాయి. గాజు మీద బొట్టు పెట్టే ఇల్లాలికి ముహూర్తం పెట్టేవాడు లేడు, మంత్రం చెప్పేవాడు లేడు, దక్షిణ అడిగేవాడూ లేడు. ఫూలే ఆ గోడను చూస్తే బొమ్మలు తీసేయమనేవాడేమో. ఆ ఇంటి పూజారి ఎవరో చూశాక మాత్రం కాసేపు ఆగేవాడు.

ఇప్పుడు రెడ్డి దగ్గరికి వద్దాం. ఆయన 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు. అదే జిల్లా నుంచి ఎందరో నేతగాళ్లు మగ్గం వదిలి బొంబాయి మిల్లుల బాట పట్టారు. రెడ్డి కూడా బొంబాయి వెళ్లారు, మిల్లు గేటుకు కాదు, సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు. అంతకు ముందు ఓ ఇరవై ఏళ్ల కిందట రాజమండ్రి నుంచి దామెర్ల రామారావు వెళ్లిన బడి అది. దామెర్ల ఇరవై ఎనిమిదేళ్లకే మశూచితో పోయారు. రెడ్డికి ఎనభై ఒక్క ఏళ్ల ఆయుష్షు దక్కింది. ఆ నిడివే ఆయన్ను ఒక శైలి దగ్గర ఆగనివ్వలేదు.

1939లో డిప్లొమా చేతికొచ్చేనాటికి బడి పెద్ద చార్లెస్ జెరార్డ్. ఫొటోలో ఉన్నట్టు గీయడమే గొప్ప అనుకునే ఆ బడిలోకి ఐరోపా కొత్తగాలిని రానిచ్చిన మనిషి. 1941లో రెడ్డి, భోప్లే, మజీద్, కులకర్ణి, బాప్టిస్టా అనే అయిదుగురు కుర్రాళ్లు ఒక జట్టు కట్టి ప్రదర్శన పెట్టారు. వాళ్లను ‘యంగ్ టర్క్స్’ అన్నారు. చరిత్ర పుస్తకాలు ఆధునిక భారతీయ చిత్రకళను 1947 నాటి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపుతో, సూజా, రజా, హుసేన్‌లతో మొదలుపెడతాయి. దానికి ఆరేళ్ల ముందే అదే ఊళ్లో జెండా ఎత్తిన అయిదుగురిలో ఒక తెలుగువాడున్నాడన్న మాట పేజీ అడుగునే ఉండిపోయింది. హైదరాబాదుకు తిరిగి వచ్చేసినవాణ్ణి బొంబాయి మర్చిపోవడం వింతేమీ కాదు. మనం గుర్తుచేయకపోవడమే వింత.

ఆయన రచనల్లో మన ప్రశ్నకు పనికొచ్చేది అరవైల చివర, డెబ్భైల కాలం. అప్పటికి రూపచిత్రాలు, నగ్నచిత్రాలు, పల్లె బతుకులు అన్నీ వేసి చూసిన రెడ్డి తంత్రం వైపు తిరిగారు. బిందువు, త్రికోణం, పద్మం, లింగం, యోని, చుట్టలు చుట్టుకున్న పాము కాన్వాసు మీదికొచ్చాయి. ఆయన ఒక్కరే కాదు, కశ్మీరు నుంచి జి.ఆర్.సంతోష్, బెంగాలు నుంచి బీరేన్ డే అదే దారిలో ఉన్నారు. వీళ్లందరినీ కలిపి నవతంత్ర చిత్రకారులన్నారు. ఆ గాలి వీచిన కాలం కూడా చూడాలి. అజిత్ ముఖర్జీ ‘తంత్ర ఆర్ట్’ పుస్తకం 1966లో వచ్చింది. 1971లో లండన్ హేవార్డ్ గ్యాలరీలో తంత్ర ప్రదర్శన జరిగింది. పడమటివాళ్లు మన ధ్యానాన్నీ సితార్‌నూ మోజుగా కొంటున్న రోజులవి. కాబట్టి ఇదంతా ఎగుమతి సరుకేనని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఆ విసుర్లో కొంత నిజం లేకపోలేదు. కానీ తెలంగాణ పల్లెలో పుట్టినవాడికి త్రికోణం, చుక్క, పసుపు, ఎరుపు లండన్ నుంచి దిగుమతి కానక్కర్లేదు. వాకిట్లో ముగ్గు, బోనం కుండ మీద పసుపు కుంకుమలు, ఊరి పొలిమేరలో పోచమ్మ రాయి ఆయన కళ్లముందే ఉన్నాయి. ముతక రంగుల ఆ మొండి ఎరుపు పట్నపు నవతంత్ర చిత్రాల్లో అంత సులువుగా దొరకదు.

అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది. రెడ్డి కాన్వాసు మీద వేసిన యంత్రం పూజలో పెట్టే యంత్రమేనా?

ఉపాసకుడిని అడిగితే కాదంటాడు. శ్రీచక్రంలో పైకి చూసే శివ త్రికోణాలు నాలుగు, కిందికి చూసే శక్తి త్రికోణాలు అయిదు. వాటి గీతలు ఖండించుకునే చోట్లు లెక్క ప్రకారం కలవాలి. వెంట్రుకవాసి తప్పితే దోషమంటారు. అక్కడ ‘నా శైలి’ అనే మాటకు తావు లేదు. గీసినవాడి పేరు తెలియకపోవడమే మేలు. ఆధునిక చిత్రకారుడి బతుకు దీనికి సరిగ్గా తలకిందులు. ఆయన లెక్క తప్పించాలి, త్రికోణాన్ని వంచాలి, రంగు మార్చాలి, చివరికి కుడిచేతి మూల సంతకం పెట్టాలి. సంతకం లేని కాన్వాసుకు బజారులో ధర పలకదు. సంతకం పెట్టిన యంత్రానికి పూజ పనికిరాదు. నవతంత్రం ఈ రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడింది. కొందరు విమర్శకులు ఆ చిత్రాలు చూస్తే సమాధి స్థితి కలుగుతుందని రాశారు. అది అతిశయోక్తి. గ్యాలరీలో గోడకు మూడడుగుల దూరంలో తాడు కట్టి, ‘ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టిన చోట ఏ తంత్రమూ పనిచేయదు. తంత్రం అంటేనే ముట్టుకోవడం. న్యాసం చేసేవాడు తన ఒంటిని తాను ముట్టుకుంటాడు. కుంకుమార్చన చేసేవాడు యంత్రాన్ని ముట్టుకుంటాడు.

చాల్ గోడ మీది పటానికీ గ్యాలరీ గోడ మీది కాన్వాసుకూ తేడా ఇక్కడ దొరుకుతుంది. అది భక్తిలో లేదు. రవివర్మ ఎంత భక్తుడో ఆ ఇల్లాలికి తెలియదు, అక్కర్లేదు కూడా. పటం కింద అచ్చయిన సంతకాన్ని ఆమె ఏనాడూ చదివి ఉండదు. పవిత్రత వేసినవాడి దగ్గర నుంచి రాలేదు, వాడుకున్న చేతి నుంచి వచ్చింది.

ఇందుకు మన చేర్యాల పటాలే సాక్ష్యం. నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద చింతగింజల అంబలి పూసి మూరల కొద్దీ పురాణం వేస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు ఆ పటం విప్పి, ఒక్కో గడి చూపిస్తూ ఊళ్లో కథ చెబుతారు. కథ నడిచినంత సేపూ ఆ గుడ్డే దేవుడు. ఏళ్లు గడిచి రంగు పెచ్చులూడి గుడ్డ చినిగితే దాన్ని చెత్తలో వేయరు, అతికించి దాచుకోరు కూడా. మర్యాదగా నీళ్లలో కలుపుతారు. ముంబైలోనూ అంతే. గాజు పగిలిన పటాన్ని రావిచెట్టు మొదట్లో ఆనించి వస్తారు, లేదా వినాయకుడితో పాటు చౌపాటీ నీళ్లకు అప్పగిస్తారు. మరుసటి శుక్రవారానికి కొత్త పటం వస్తుంది, అదే మేకుకు ఎక్కుతుంది.

అంటే ఈ సంప్రదాయంలో దేవుడి బొమ్మకు చావు ఉంది. ఉండాలి. కాన్వాసుకు చావు ఉండకూడదు. మ్యూజియం పుట్టిందే దాని చావును వాయిదా వేయడానికి. పగిలిన రంగుకు మందు, గదికి ఏసీ, వెలుతురుకు లెక్క, ఇంత కాపలా కాస్తేగానీ ఆధునిక చిత్రం బతకదు. కాలం పుట్టి లయమయ్యే చోటని తంత్రం చెప్పే బిందువును రెడ్డి గీస్తే, ఆ బిందువు లయం కాకుండా చూడటం క్యూరేటర్ ఉద్యోగం అవుతుంది. వినడానికి వేళాకోళంగా ఉన్నా ఇందులో ఒక గట్టి తాత్విక సంగతి ఉంది. పూజించే బొమ్మ తాను దేవుడినని చెప్పుకోదు, కొంతకాలం దేవుడికి చోటిచ్చి తప్పుకుంటుంది. కళాఖండం తప్పుకోనంటుంది. అందుకే రెడ్డి తంత్ర చిత్రాలను మతం అనడం కంటే మతం మీద ఒక తెలుగువాడు నూనె రంగులతో చేసిన వాదం అనడమే ఆయనకు గౌరవం. వాదానికి సంతకం ఉండొచ్చు, ఉండాలి కూడా.

వాడుకునే చెయ్యి మారితే బొమ్మ ఏమవుతుందో రెడ్డి పుట్టిన ఏడాదే పండరిపురంలో పుట్టిన ఇంకొకాయన కథ చెబుతుంది. ఎం.ఎఫ్.హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నారు. సోషలిస్టు నేత రామమనోహర్ లోహియా మాట మీద, హైదరాబాదులో బదరీ విశాల్ పిత్తి ఇంట్లో కూచుని రామాయణాన్ని పదుల కొద్దీ కాన్వాసుల మీద వేశారు. వాటిని ఎడ్లబండ్ల మీద హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్లకు తీసుకెళ్తే జనం హాయిగా చూశారని, ఎవరూ నిలదీయలేదని ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు. అదే చెయ్యి డెబ్భైల్లో గీసిన సరస్వతి రేఖాచిత్రం 1996లో ఒక పత్రికకెక్కి మంటలు రేపింది. కేసులు పడ్డాయి, ప్రదర్శనల మీద దాడులు జరిగాయి. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసినా, అప్పటికే దేశం విడిచిన ఆయన తిరిగి రాలేదు. ఖతార్ పౌరుడిగా 2011లో లండన్‌లో కన్నుమూశారు. ఇరవై ఏళ్లు ఎవరినీ నొప్పించని గీతలు ఒక్కసారిగా ఎలా నొప్పించాయి? గీతలు మారలేదు, అవి చేరిన చేతులు మారాయి. పూజకు కాక కొట్లాటకు వాడుకునే చేతుల్లో పడితే ఏ బొమ్మైనా ఆయుధమే అవుతుంది. దాన్ని భక్తి అనడం ఆ శుక్రవారపు బొట్టుకు అవమానం.

ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవలసిన ఎదురువాదం ఒకటుంది. పవిత్రత అంతా వాడుకలోనే ఉంటే, అసలు బొమ్మ ఎలా ఉన్నా ఒకటేనా? పసుపు ముద్ద గౌరి అవుతుంది, పూలపేర్పు బతుకమ్మ అవుతుంది, బొడ్రాయికి ముక్కూ ముఖమూ ఉండవు. అలాగైతే రవివర్మ ఎందుకు, రెడ్డి ఎందుకు? దీనికి చాల్ గోడే జవాబు. గౌరమ్మకు పసుపు చాలుననే ఇల్లాలే లక్ష్మి పటం కొనేటప్పుడు దుకాణంలో పది పటాలు తిరగేస్తుంది. ముఖం కళగా ఉన్నదాన్నే ఏరుకుంటుంది. భక్తికి అందం అవసరం లేకపోవచ్చు, మనిషికి ఉంది. చిత్రకారుడి చోటు అక్కడ, ఆ ఏరుకునే క్షణంలో. అది చిన్న చోటేమీ కాదు.

రెడ్డి 1996లో పోయారు. హైదరాబాదు నారాయణగూడలో ఆయన ఇల్లు ‘సుధర్మ’, ఆయన చిత్రాలున్న గ్యాలరీ కూడా. అదే ఇంట్లో ఆయన భార్య పాకాల యశోదారెడ్డి తెలంగాణ పలుకుబడిలో కథలు రాశారు. ఆమె వాక్యంలోని నుడికారానికీ ఆయన కాన్వాసు మీది ఎరుపుకూ చుట్టరికం ఉందని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు తెలుస్తుంది. ఆ పని ఎవరైనా తీరిగ్గా చేయాల్సి ఉంది.

ముంబైలో చాళ్లు కూలుతున్నాయి. 2025 ఆగస్టులో వర్లీ బీడీడీ చాళ్లవాళ్లలో మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త టవర్లలో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. కామాటిపుర గల్లీల పునర్నిర్మాణం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. కొత్త ఇంటి గోడకు మేకు కొట్టాలంటే డ్రిల్లు కావాలి. దేవుళ్లు రెడీమేడ్ పాలరాతి మందిరంలోకి మారుతున్నారు. మంచిదే, ఎవరి ఇల్లు వాళ్లిష్టం. అయితే ముంబై తెలుగు సంఘాలకు ఒక విన్నపం. ఖోలీ ఖాళీ చేసేముందు ఆ గోడను ఒక్క ఫొటో తీయించండి. ఏ పటం ఎవరు, ఏ బజారులో, ఎన్నడు కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. పటాలను ఏం చేయాలో వాళ్లకే వదిలేయండి. హైదరాబాదులో కళా గ్యాలరీలు నడిపేవాళ్లకు ఇంకో విన్నపం. పి.టి.రెడ్డి తంత్ర చిత్రాలను ఒక్కసారి ముంబై తీసుకెళ్లి, ఆయన చదివిన జె.జె. స్కూలులోనే పెట్టండి. పిలుపు చాళ్ల తెలుగువాళ్లకు ముందు వెళ్లాలి. అక్కడి నుంచి కామాటిపురకు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు.